ఐసీయూలో జివ్వుమన్న మానిటరు: ఆస్పత్రుల కరెంటు భద్రతపై మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో నర్సింగ్ హోముల ఎర్తింగ్ గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద కావలి, ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు, కందుకూరు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల ఆస్పత్రుల్లో 29 ఏళ్లు ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేశాను. రిటైరయ్యాక నర్సులకు, వార్డు బాయిలకు, ఆయమ్మలకు కరెంటు భద్రత నేర్పుతున్నాను. అందరికీ విడివిడిగా రాయలేను కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చే ఐదు ప్రశ్నలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, మన్నించండి. ఆ ప్రశ్న అంతటిది.

ప్రశ్న: అయ్యా, నేను 20 పడకల నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సుని. మా ఐసీయూలో ఒక మానిటరును గానీ, దాన్ని ఆనుకుని ఉన్న సిరంజి పంపు స్టాండును గానీ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. చేతులు కడుక్కుని వచ్చినప్పుడు మరీ ఎక్కువ. ఎలక్ట్రీషియన్ టెస్టరు పెట్టి చూసి, "ఎర్త్ ఉందిలేమ్మా, చెప్పులేసుకుని పట్టుకో" అన్నాడు. నిజంగా భయపడాల్సిన పని లేదా?
– స్టాఫ్ నర్సు, కావలి

జవాబు: భయపడాల్సిందేనమ్మా. అయితే నీ చేతిని చూసి కాదు, ఆ మంచం మీదున్న మనిషిని చూసి.

కరెంటు ఒక మిల్లీ ఆంపియరు, అంటే ఆంపియరులో వెయ్యో వంతు, ఆ దరిదాపుల్లో ఉంటే మనకు జివ్వుమని తెలుస్తుంది. పది దాటితే వేళ్లు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం. ముప్పై, నలభై దాటి కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఇదంతా చర్మం మీద నుంచి ఒళ్లంతా పాకే కరెంటు లెక్క. నీ పేషెంటుకు మెడ దగ్గర నరంలో సెంట్రల్ లైను, అంటే గుండె దాకా పోయే సన్నని గొట్టం ఉందనుకో, లేదా గుండెను కొట్టించే పేసింగ్ వైరు వేశారనుకో. అప్పుడు చర్మం అడ్డు లేదు, ఒళ్లంతా పాకే పనీ లేదు, కరెంటు తిన్నగా గుండె దగ్గరికే పోతుంది. అక్కడ లెక్క మిల్లీల్లో కాదు, మైక్రోల్లో. వంద మైక్రో ఆంపియర్లు, అంటే నీకు జివ్వుమన్నదాంట్లో పదో వంతు, గుండె కండరానికి నేరుగా తగిలితే లయ తప్పవచ్చు. అందుకే గుండెకు నేరుగా కలిపే పరికరం నుంచి మామూలుగా 10 మైక్రో ఆంపియర్లు, ఏదో ఒక లోపం వచ్చినప్పుడు 50, అంతకుమించి పేషెంటుకు చేరకూడదని ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణాల సంస్థ) వేసిన 60601 ప్రమాణం చెబుతుంది.

ఇప్పుడు నువ్వు ఒక చెయ్యి ఆ స్టాండు మీద వేసి, రెండో చేత్తో సెంట్రల్ లైను సర్దుతున్నావనుకో. మధ్యలో వైరువి నువ్వే. నీకు ఏమీ తెలియకపోవచ్చు కూడా. చెప్పులు నిన్ను కాపాడతాయి తల్లీ, పేషెంటుకు చెప్పులు లేవు.

ఎందుకు జివ్వుమంటోందో చెబుతాను. మానిటరు పవర్ సప్లయిలో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ బాగుంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరులో దిగిపోతుంది. ఎర్త్ తెగిందంటే దిగే దారి లేక, బాడీ 230 వోల్టుల్లో సగం, దాదాపు 115 దగ్గర నిలబడుతుంది. స్టాండు దాన్ని ఆనుకుని ఉంది కాబట్టి అదీ జివ్వుమంటుంది. మీ ఎలక్ట్రీషియన్ టెస్టరు పెట్టి ఎర్త్ ఉందనడం కుదిరే మాట కాదు. టెస్టరు ఫేజు ఉందో లేదో చెబుతుంది. ఎర్త్ సంగతి దానికి తెలియదు.

1998లో ఇలాంటిదే ఒకటి నా చేతుల మీదుగా జరిగింది. ఒక ఆస్పత్రి మగ వార్డులో ఈసీజీ మెషిను పట్టుకుని, పేషెంటు తండ్రి స్టూలు మీద నుంచి వెనక్కి పడ్డాడు. ప్రాణానికి ఏమీ కాలేదు, మోచెయ్యి విరిగింది. ప్లగ్గు విప్పి చూస్తే పచ్చ వైరును మొదలంటా కత్తిరించి, ఇన్సులేషన్ టేపు శుభ్రంగా చుట్టి ఉంది. ఆ వార్డులో ఉన్నది టూ పిన్ జంక్షన్ బాక్సు. మూడో పిన్ను పట్టక ఎవరో అలా చేశారు. ఆ నెల రిజిస్టరులో ఆ మెషిను ఎదురుగా "ఓకే" అని సంతకం నాది. ప్లగ్గు విప్పి చూడకుండా పెట్టాను. ఆ తర్వాత నేను విప్పి చూడకుండా సంతకం పెట్టిన ప్లగ్గు లేదు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ముందు ఇంకో మానిటరు తెచ్చి పేషెంటుకు కలుపు, ఆ తర్వాతే దీన్ని తియ్యి. కంగారులో ముందే పీకేస్తే ఉన్న కాపలా పోతుంది. తీసినదాని మీద ఎర్ర టేపు వేసి "వాడొద్దు" అని తెలుగులో రాసి, వార్డు బయట పెట్టించు. తర్వాత ప్లగ్గు విప్పించు, సాకెట్టు విప్పించు, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే అదీ విప్పించు. నా అనుభవంలో తప్పు ఎక్కువగా ఆ బాక్సులోనే దొరుకుతుంది. చివరికి మానిటరు బాడీకీ ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ మధ్య మీటరుతో కొలిపించు. వాడకంలో ఉన్న పరికరాలకు ఐఈసీ 62353 ప్రమాణం ప్రకారం కేబులుతో కలిపి 0.3 ఓమ్ దాటకూడదు. ఓమ్ అంటే కరెంటు దారిలో ఉన్న అడ్డుకు కొలత, ఎంత తక్కువైతే ఎర్త్ అంత మంచిది. అంకె రాసి, తేదీ వేసి, అతని చేత సంతకం పెట్టించు. "ఉందిలేమ్మా" అన్న మాటను మాత్రం ఒప్పుకోకు.

ప్రశ్న: ఒంగోలులో రెండు కొత్త ఆపరేషన్ థియేటర్లు కడుతున్నాం. అన్ని లైన్లకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే అంతకు మించిన భద్రత లేదని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఇంకొకరు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదంటున్నారు. ధర చూస్తే వెనకాడుతున్నాను. నిజంగా అవసరమా?
– ఒక సర్జన్, ఒంగోలు

జవాబు: డాక్టరు గారూ, వార్డుల వరకు మీ ఎలక్ట్రీషియన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. థియేటరులో అదే పని పేషెంటు ప్రాణం మీదికి తెస్తుంది.

ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే: కరెంటు ఎర్త్‌లోకి కారుతుంటే సప్లయి కట్ చేస్తుంది. ఇంట్లో, వార్డులో మనకు కావాల్సింది అదే. థియేటరులో పొట్ట కోసి ఉన్న మనిషి, వెంటిలేటరు, మానిటరు అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. సక్షన్ మెషినులో సెలైన్ ఒలికి లీకేజీ వచ్చిందనుకోండి. ఆర్‌సీసీబీ తన ధర్మం తాను చేస్తుంది, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

అందుకే ఐఈసీ 60364 ప్రమాణంలో 710వ భాగం ఆస్పత్రి గదులను మూడు గ్రూపులుగా విడదీసింది. పేషెంటు ఒంటికి కరెంటు పరికరం తగిలించే పనే లేని గదులు 0. ఒంటి పైన తగిలించేవి 1. థియేటర్లు, ఐసీయూల్లాగా కరెంటు పోతే ప్రాణం పోయేవి 2. మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వేసిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ కూడా ఆస్పత్రులను మామూలు భవనాల్లో కలపకుండా విడిగానే చూస్తుంది. గ్రూపు 2లో ప్రాణం నిలిపే పరికరాల సాకెట్లకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే సప్లయి ఇవ్వాలి. దాని అవతలి వైపు వచ్చే సప్లయి వైర్లలో దేనికీ ఎర్త్ కలపరు, పరికరాల బాడీలకు మాత్రం ఎర్త్ ఉంటుంది. కాబట్టి ఒక పరికరంలో ఫేజు బాడీకి తగిలినా కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు. ఏదీ ట్రిప్ కాదు, ఆపరేషన్ సాగుతుంది. దాంతోపాటు ఆ వైర్ల ఇన్సులేషన్‌ను ఎప్పుడూ కొలుస్తుండే ఇన్సులేషన్ మానిటరు ఉంటుంది. ఇన్సులేషన్ 50 కిలో ఓమ్‌ల కిందికి పడేలోపే అది బజరు మోగించాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ సైజు 0.5 నుంచి 10 కేవీఏ మధ్య ఉంటుంది. థియేటరుకొకటి పెట్టండి, రెంటికీ కలిపి ఒకటి వద్దు. ఎక్స్-రే, ఆపరేషన్ టేబుల్ మోటారు వంటి వాటికి మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన ఆర్‌సీసీబీ పెట్టుకోవచ్చు. అతన్ని చిన్నబుచ్చకండి, వార్డులు అతని మాట ప్రకారమే చేయించండి.

ధర గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే. గోడలు, టైల్సు పూర్తయ్యాక దీన్ని పెట్టాలంటే మళ్లీ పగలగొట్టాలి, థియేటరు మూసేయాలి.

పెట్టడంతో పని అయిపోదు. ఒక ఆస్పత్రి థియేటరులో ఆ బజరు కన్నాల మీద దూది పెట్టి, పైన ప్లాస్టరు అంటించి ఉండటం చూశాను. ప్లాస్టరు అంచులు నల్లబడి ఉన్నాయి, అంటే అంటించి నెలలైంది. "ఊరికే మోగుతుంటే సారుకు చికాకు" అని చెప్పింది థియేటరు సిస్టరు. తప్పు ఆమెది కాదు. ఆ మోత ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్లాస్టరు పీకి, సాకెట్లలో ప్లగ్గులు ఒక్కొక్కటే తీస్తూ పోతే, పాత కాటరీ మెషిను (కరెంటు వేడితో కోసి రక్తం ఆపేది) దగ్గర మోత ఆగింది. మీ సిస్టర్లకు నేర్పించాల్సింది కూడా అదే. మోగితే ఆపరేషన్ ఆపక్కర్లేదు. ఆఖరున పెట్టిన ప్లగ్గేదో, పేషెంటుకు ఆ క్షణాన అక్కర్లేనిదేదో చూసి ముందు అది తియ్యాలి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. ఆగకపోతే ఆపరేషన్ అయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఇంకో కేసు పెట్టకూడదు. రెండో పరికరంలో కూడా తప్పు వస్తే మొదటి తప్పుతో కలిసి షాకుకు దారి ఏర్పడుతుంది.

కాటరీ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. స్పిరిటు కలిసిన మందుతో చర్మం తుడిచాక అది పూర్తిగా ఆరకముందే కాటరీ వాడితే మంట అంటుకుంటుంది. వీపు కింద, బొడ్డులో నిలిచిన తడి కంటికి కనిపించదు. గుడ్డ కప్పేముందు వేలితో తడిమి చూడమని చెప్పండి.

ప్రశ్న: అన్నా, చీమకుర్తి దగ్గర 30 పడకల ఆస్పత్రిలో ఎలక్ట్రీషియన్ని. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే బండ. రెండు ఎర్త్ గుంతలు వేశాం. వేసవిలో కొలిస్తే ఆరు ఓమ్‌ల పైనే చూపిస్తోంది. తనిఖీ ఉంది, రిజిస్టరులో ఒకటి అని రాసెయ్యమంటున్నారు మేనేజరు గారు. ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక ఎలక్ట్రీషియన్, ప్రకాశం జిల్లా

జవాబు: తమ్ముడూ, ఒకటి అని రాయొద్దు. ఆ సంతకం రేపు నీ పర్మిట్ మీదికే వస్తుంది.

మేనేజరు గారితో వాదించకుండా ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు. ఫేజు తెగి ఏసీ బాడీకి తగిలిందనుకో. 230ని 6తో భాగిస్తే 38 ఆంపియర్లు. ఆ లైనుకు ఉన్నది 32 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడే స్విచ్చు. ఎంసీబీ తన రేటింగుకు 1.45 రెట్లు కరెంటు పారితే గంటలోపు ట్రిప్ కావాలి, అంటే 46 ఆంపియర్లు. నీ 38 అక్కడిదాకా కూడా పోదు. ఎంసీబీ పడదు. ఏసీ బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. అంత కరెంటు గుంతలోకి దిగుతుంటే అక్కడి మట్టి వేడెక్కి, ఉన్న తడి కూడా ఆరిపోతుంది. రీడింగు ఇంకా పెరుగుతుంది. అదే నిజంగా ఒక ఓమ్ ఉంటే 230 ఆంపియర్లు పారి ఎంసీబీ క్షణాల్లో పడేది. రిజిస్టరులో ఒకటి అని రాస్తే అది పడదు.

కాబట్టి రేపే చెయ్యగలిగిన పని: వార్డు లైన్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు. అవి 0.03 ఆంపియరుకే పడతాయి కాబట్టి ఎర్త్ ఆరు ఓమ్‌లున్నా పనిచేస్తాయి. నెలకోసారి వాటి మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడు. ఐసీయూలో మాత్రం పైన డాక్టరు గారికి రాసింది చదువు.

తర్వాత గుంతల సంగతి. ఉన్న గుంతలోనే ఇంకో బస్తా ఉప్పు పోస్తే తాత్కాలికమే, పైపు త్వరగా తుప్పు పడుతుంది. రెండు గుంతలు పక్కపక్కనే ఉంటే అవి ఒకదాని మట్టిని ఒకటి పంచుకుంటాయి. రెండున్నర మీటర్ల పైపయితే మధ్య ఐదు మీటర్లయినా దూరం ఉండాలి. ఆవరణలో పల్లం ఎక్కడుందో, వాడిన నీళ్లు ఎటు పారతాయో చూడు, మట్టి లోతుగా ఉండేది అక్కడే. బండ తప్పకపోతే బోరు వేసే బండితో సన్నగా లోతుగా దింపించి, రాడ్డు చుట్టూ తడిని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపించు. లేదంటే ప్రహరీ వెంట కందకం తీసి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పట్టీ పరిపించు. కొలిచేటప్పుడు గుంతను మిగతా ఎర్త్ నుంచి విడదీసి కొలవాలి, కలిపి కొలిస్తే అన్నీ కలిసిన అంకె వస్తుంది. రోహిణి కార్తెలో ఒకసారి, కార్తీకంలో వానలు పడ్డాక ఒకసారి కొలిచి రెండూ రాయి. ఎండలో వచ్చిన అంకే అసలైనది. ఊరిని బట్టి మట్టి మారుతుంది. కొత్తపట్నం వైపు సముద్రపు ఇసుకలో రీడింగు తేలిగ్గా దిగుతుంది గానీ, జీఐ పైపు ఉప్పుకు తినేస్తుంది. నీకు ఆ బాధ లేదు.

రిజిస్టరులో నిజమైన రీడింగు రాసి, కిందనే "ఆర్‌సీసీబీలు ఇన్ని, కొత్త గుంతలు ఇన్ని కావాలి" అని ఎస్టిమేటు రాసి మేనేజరు గారికి అందజేయి. అందినట్టు సంతకం తీసుకో. తనిఖీకి వచ్చినవారికి లోపం కనిపెట్టి పని మొదలుపెట్టిన కాగితం చూపించుకోవచ్చు. అబద్ధపు అంకె వాళ్ల మీటరు పెట్టగానే బయటపడుతుంది.

ప్రశ్న: మా ఆస్పత్రిలో ఏడాదికోసారి సెమినార్ హాల్లో రెండు గంటలు స్లైడ్లు వేసి కరెంటు, ఫైర్ సేఫ్టీ శిక్షణ ఇస్తాం. అందరూ సంతకాలు పెడతారు. ఎవరికీ ఏమీ గుర్తుండటం లేదనిపిస్తోంది. ఎలా మార్చాలి?
– ఒక ఆస్పత్రి అడ్మినిస్ట్రేటర్, నెల్లూరు

జవాబు: మేడమ్, ఆ రెండు గంటల్లో మీ రాత్రి డ్యూటీ వాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆస్పత్రిలో దాదాపు తొంభై మందిని బలిగొన్న ప్రమాదం తెల్లవారకముందు జరిగింది. విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడిన హోటల్‌లో 2020 ఆగస్టు 9న పదిమంది పోయింది తెల్లవారుజామున. 2021 జనవరి 9న మహారాష్ట్ర భండారాలో పదిమంది చంటిపిల్లలు పోయింది అర్ధరాత్రి దాటాక. 2024 నవంబరు 15న ఝాన్సీ మెడికల్ కాలేజీ చంటిపిల్లల వార్డు అంటుకుందీ రాత్రిపూటే. ఆ వేళ వార్డులో ఉండేది ఒక సిస్టరు, ఒక ఆయమ్మ, గేటు దగ్గర వాచ్‌మన్. శిక్షణ వాళ్లకే ముందు కావాలి, వాళ్ల వార్డులోనే కావాలి.

నేను రాత్రి పది దాటాక వెళ్తాను. సిస్టరును వరండాలోకి తీసుకొచ్చి "ఈ వార్డు మెయిన్ ఎక్కడమ్మా?" అంటాను. చాలాచోట్ల లిఫ్టు వైపు చూపించి ఆగిపోతారు. దొరికాక తలుపు తీస్తే లోపల ఇంగ్లీషులో చెరిగిపోయిన అక్షరాలు. అక్కడే కూర్చుని ఒక్కో ఎంసీబీ కింద తెలుగులో చీటీలు అంటిస్తాం, "చంటిపిల్లల గది ఏసీ", "వార్మర్లు" (పిల్లలను వెచ్చగా ఉంచే పరికరాలు) అని. రాసేది ఆయమ్మ చేతే రాయిస్తాను. రాసిన మనిషి మర్చిపోదు. మంటలార్పే సీవోటూ సిలిండరు ఒకటి ఆవరణలో నిజంగా పిన్ను లాగి వాడిస్తాను. గోడకు ఉన్నదాన్ని ముట్టుకోవడానికే భయపడే పిల్లలు ఒక్కసారి బుస్సుమనిపించాక మారిపోతారు.

వాసన నేర్పండి. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన మంట కన్నా ముందు వస్తుంది. చంటిపిల్లల వార్డులో ఏసీ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, వార్మర్లు నడుస్తాయి, గాలిలో ఆక్సిజన్ మామూలు 21 శాతం కన్నా పెరిగి ఉండొచ్చు. అలాంటి గాలిలో చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది. రాత్రికి రెండుసార్లు ఏసీ ప్లగ్గు టాపును పొడి చేత్తో తాకి వేడి చూసే అలవాటు సిస్టరుకు చెయ్యండి. ఆక్సిజన్ వాల్వు ఎక్కడుందో అందరికీ తెలియాలి, కట్టెయ్యాలని చెప్పే మనిషి మాత్రం ఒక్కరే ఉండాలి, పిల్లలను సిలిండర్ల మీదికి మార్చాకే కట్టాలి. ఆ ఒక్కరు ఎవరో ప్రతి షిఫ్టుకూ బోర్డు మీద పేరు రాయండి.

షాక్ కొట్టినవారిని చేత్తో లాగకూడదని అందరూ చెబుతారు, ఆ క్షణాన అందరూ లాగబోతారు. ఒకసారి ఎవరినైనా పడుకోబెట్టి ఆడించి చూపించండి: ముందు ఎంసీబీ, అది అందకపోతే పొడి కర్ర గానీ ప్లాస్టిక్ కుర్చీ గానీ, తర్వాత సీపీఆర్. సిస్టర్లకు సీపీఆర్ వచ్చు, వాచ్‌మన్‌కూ నేర్పండి.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పల్లంలో ఉన్న ఒక నర్సింగ్ హోములో జరిగింది చెబుతాను. జెనరేటరు, సప్లయిని దాని మీదికి మార్చే చేంజోవర్ పానెల్ రెండూ సెల్లారులో. కరెంటు పోయింది, మోకాలి లోతు నీళ్లు. వాచ్‌మన్ ప్యాంటు మడుచుకుని మెట్లు దిగబోయాడు. అంతకు రెండు నెలల ముందు నా క్లాసులో కూర్చున్న సిస్టరు పై మెట్టు మీద నుంచి అతని చొక్కా పట్టుకుని, "అబ్బయా, లైన్‌మన్ వచ్చి బయట కట్ చేసేదాకా కాలు పెట్టమాక" అని ఆపింది. వెంటిలేటరు మీదున్న ఒక్క పేషెంటుకు చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు ఒత్తుతూ మొదటి అంతస్తులోనే ఉంచి, అంబులెన్సు రాగానే పంపించారు. తర్వాత నేను ఆ పానెల్ చూశాను. బురద గీత సరిగ్గా బస్‌బార్ (కరెంటు పారే లోహపు పట్టీ) మీదుగా ఉంది. మీ జెనరేటరు, పానెల్ సెల్లారులో ఉంటే ముందు ఆ డబ్బు ఖర్చుపెట్టి పైకి ఎక్కించండి, శిక్షణ ఆ తర్వాత.

జెనరేటరును వారానికోసారి ఖాళీగా కాదు, లోడు మీద నడిపించండి. ప్రాణం నిలిపే పరికరాలకు సప్లయి 15 సెకన్లలోపు తిరిగి రావాలి, థియేటరు లైటు అర సెకను కన్నా ఎక్కువ ఆరకూడదు. అంటే ఆ లైటుకు బ్యాటరీ ఉండాల్సిందే. చేతి గడియారం పెట్టుకుని చూడండి.

ప్రశ్న: మా నాన్నకు ఆపరేషన్ అయి వార్డులో ఉన్నాం. టేబుల్ ఫ్యాను, కరెంటు కెటిల్ తెచ్చుకుంటే గేటు దగ్గరే ఆపేశారు. మంచం పక్కన ఫోను ఛార్జింగు కూడా వద్దంటున్నారు. ఇంత కఠినం అవసరమా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: అవసరమే బాబూ. కెటిల్ 1500 వాట్లయితే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మంచం పక్కనున్న సాకెట్టు 6 ఆంపియర్లది. పక్క మంచం వాళ్లూ తెస్తే ఆ వైరు గోడలోపల వేడెక్కుతుంది. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర ఛార్జరు మరీ ప్రమాదం. ఫోను వరండాలో ఛార్జింగు పెట్టుకోండి. ఫ్యాను కావాలని సిస్టరును అడగండి, ఆస్పత్రివి తనిఖీ చేసినవి ఉంటాయి. వేడినీళ్లకు ప్యాంట్రీ ఎక్కడుందో కనుక్కోండి, అక్కడ 16 ఆంపియర్ల పాయింటు ఉంటుంది. నాన్నగారికి త్వరగా నయం కావాలి.